స్టేషన్ ఆవరణలో 14 సైకిళ్ళు: నా అనుభవం

ఆదివారం పొద్దున 5:50కి ఫోన్ మోగింది. తెలియని నంబరు. ఎత్తగానే మా వాడి గొంతు. "అమ్మా, మమ్మల్ని స్టేషన్‌కు తీసుకొచ్చారు. నీ ఆధార్ పట్టుకొని రా." ఇంకేదో అడిగేలోపు లైన్ కట్ అయింది.

వాడికి 16 ఏళ్ళు. ఇంటర్ మొదటి సంవత్సరం. ఆదివారాలు తెల్లవారుజామున ఫ్రెండ్స్‌తో నెక్లెస్ రోడ్డుకు సైకిల్ మీద పోతానని చెప్పే పోయేవాడు. పొద్దున్నే లేస్తున్నాడు, ఫోన్ పక్కన పెడుతున్నాడు అని సంతోషపడ్డానే తప్ప, ఎంతమంది పోతున్నారు, ఏ దారిన పోతున్నారు అని నేను ఒక్కసారి కూడా అడగలేదు. అది నా తప్పే.

మాది హైదరాబాద్‌లో రామ్‌నగర్. ఇంటి కిందే జిరాక్స్, డీటీపీ షాపు నడుపుతాను. పదకొండేళ్ళుగా ఎవరెవరి దరఖాస్తులో టైప్ చేసిస్తున్నాను. రేషన్ కార్డు, కరెంటు మీటరు, కుల సర్టిఫికెట్, పోయిన సిమ్ కార్డుకు పోలీసు కంప్లయింట్. ఆఫీసు ముందు ఎలా నిలబడాలో తెలుసనే అనుకున్నాను. ఆ రోజు స్టేషన్ మెట్లు ఎక్కుతుంటే కాళ్ళు వణికాయి. అది ఏ స్టేషనో రాయను. అక్కడ మమ్మల్ని కసిరినవాళ్ళూ ఉన్నారు, కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చినవాళ్ళూ ఉన్నారు.

వరండాలో తొమ్మిది మంది పిల్లలు గోడకు ఆనుకొని కింద కూర్చున్నారు. అందరిలో చిన్నోడికి 13 ఉంటాయేమో. రాత్రి కురిసిన తుంపరకు ఆవరణంతా బురద. అక్కడొక డీసీఎం వ్యాను ఆగి ఉంది. ఇద్దరు హోంగార్డులు దాంట్లోంచి సైకిళ్ళు దింపి, ఒకదాని మీద ఒకటి పడేస్తున్నారు. మా వాడు నన్ను చూసి తల దించుకున్నాడు. గుంజీలు తీయించారట, కాళ్ళు పట్టేశాయని తర్వాత చెప్పాడు.

"మీరెవరి మదర్ అమ్మా?" అని అడిగి ఎస్సై గారు నన్ను లోపలికి పిలిచారు. నేను ఏదో అనబోతుంటే ఆపి, ఫోన్‌లో ఒక వీడియో పెట్టి నా ముందుకు జరిపారు.

ఇందిరా పార్కు నుంచి వీఎస్‌టీ దాకా 2023 ఆగస్టులో తెరిచిన స్టీల్ బ్రిడ్జి. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దగ్గర మెట్రో లైను మీదుగా పోతుంది కదా, ఆ ఎత్తు నుంచి కిందికి దిగే వాలు. ఇంకా వీధి దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. ఇరవై మందికి పైనే పిల్లలు రోడ్డు నిండా పరుచుకొని వస్తున్నారు. నలుగురైదుగురు ముందు చక్రం గాల్లోకి లేపి, వెనక చక్రం మీదే దూసుకొస్తున్నారు. ఇద్దరు రాంగ్ సైడ్‌లో దిగుతున్నారు. ఎదురుగా ఒక ఆటో వచ్చి, గోడకు తగిలేంత పక్కకు కోసి ఆగింది. ఆ ఇద్దరిలో ఒకడు మా వాడు. ఆటో బ్రేకు చప్పుడు ఆ చిన్న ఫోన్‌లోంచి వచ్చినా, నా కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టయింది.

"ఇదీ మీవాళ్ళు తీసుకున్న రీలే. మేం తీసింది కాదు. ఏదన్నా జరిగితే ముందు ఎత్తుకుపోయేది మేమే అమ్మా. తర్వాత మీ ఇంటికొచ్చి చెప్పేది కూడా మేమే" అన్నారాయన. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఈ రోజుకీ లేదు.

తర్వాత ఒక తెల్లకాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నారు. అందరికీ ఒకటే రాత, పేర్ల దగ్గర మాత్రం ఖాళీ. "మా అబ్బాయి ఇకమీదట గుంపుగా సైకిల్ తొక్కడని హామీ ఇస్తున్నాను." రోజంతా ఇలాంటి వాక్యాలే టైప్ చేసేదాన్ని కాబట్టి నా కళ్ళు ఒక్క మాట దగ్గర ఆగిపోయాయి. గుంపుగా. రాంగ్ సైడ్ తొక్కడని లేదు. రోడ్డు మీద ఫీట్లు చేయడని లేదు. బ్రిడ్జి ఎక్కడని లేదు. గుంపుగా తొక్కడని ఉంది.

"సార్, ఈ ఒక్క మాట మార్చి రాస్తాను" అన్నాను. "ముందు సంతకం పెట్టి పిల్లాణ్ణి తీసుకుపో అమ్మా, ఇంకా ఎనిమిది మందిని పంపించాలి" అన్నారు. పెట్టాను. బయట పిల్లాడు గోడకు ఆనుకొని కింద కూర్చొని ఉంటే ఏ తల్లి పెట్టదు?

సైకిల్ మాత్రం ఇవ్వలేదు. "బిల్లు తీసుకొని రేపు రండి." సైకిల్ ఉంచుకున్నట్టు కాగితం ఏమైనా ఇస్తారా అంటే, "ఎక్కడికి పోతదమ్మా, ఈడనే ఉంటది" అని స్టేషన్‌లో కాగితాలు చూసే రైటర్ అన్నాడు.

మా వాడి సైకిల్‌కు బిల్లెక్కడిది? రెండేళ్ళ కింద ఎర్రగడ్డ సండే మార్కెట్‌లో 2,800 పెట్టి కొన్నాం. అక్కడ బిల్లు అడిగితే నవ్వుతారు.

ఇంటికొచ్చాక మా ఆయన వాణ్ణి నాలుగు తిట్టాడు. వాడు నోరెత్తలేదు. మధ్యాహ్నం నెమ్మదిగా అడిగితే చెప్పాడు. బయల్దేరినప్పుడు 23 మంది ఉన్నారట. రెండో రౌండు దిగుతుంటే పోలీసు బండ్లు కింద ఒకటి, వెనక ఒకటి వచ్చాయట. సైకిల్ మీదే తప్పించుకున్నవాళ్ళు తప్పించుకున్నారు. ఐదుగురు సైకిళ్ళు అక్కడే పడేసి సందుల్లోకి పరిగెత్తారు. అలా తొమ్మిది మంది పిల్లలు, 14 సైకిళ్ళు స్టేషన్‌కు చేరాయి.

మా మామయ్య అప్పటిదాకా కుర్చీలో కూర్చొని వింటున్నాడు. ఆయనకు 76. ఆజామాబాద్‌లో ఒక ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. ఆ స్టీల్ బ్రిడ్జి దిగేది ఆయన ముప్పై ఏళ్ళు డ్యూటీకి పోయిన దారిలోనే.

"గుంపుగ తొక్కొద్దని రాయించుకున్నరా?" అన్నాడు. "సైరన్ కొడితే మేం ఎట్ల ఎల్తుంటిమి బిడ్డా? ఒక్కొక్కలం ఎల్తుంటిమా? గేటు తీస్తే వందల సైకిళ్ళు ఒక్కపారి రోడ్డు మీదికి వస్తుండె. బస్సోడు గూడ ఆగి మేం పోయినంక పోతుండె."

పోలీసులు పట్టుకోకపోయేవాళ్ళా అని అడిగాను. ఎందుకు పట్టుకోరు అన్నాడు. చీకటి పడ్డాక దీపం లేకపోతే పట్టుకునేవాళ్ళట. డబుల్స్ తొక్కితే దింపి చక్రంలో గాలి తీసేవాళ్ళట. జుర్మానా కట్టిన రోజులూ ఉన్నాయట. "గని పది మందితోటి కల్సి పోతున్నవని ఒక్కనాడు ఎవ్వరు అడగలే. దీపం ఏదిరా అని అడిగిన్రు. అడగాల్నే మరి."

నాకు మొత్తం విషయం అక్కడ తేటగా కనబడింది. దీపం ఏదని అడగడం వేరు, పక్కన తోడెందుకని అడగడం వేరు.

సోమవారం పోతే సార్ లేరు. మంగళవారం పోతే అసలు సగం మంది లేరు. బుధవారం వినాయక చవితి. ఇక నిమజ్జనం దాకా స్టేషన్ స్టేషనంతా బందోబస్తులోనే ఉంటుందని మన ఊళ్ళో ఎవరికి తెలియదు? రైటర్ ఒక్కడే ఫైళ్ళ మధ్య కూర్చొని, "నిమజ్జనం అయినంక రా అక్కా" అన్నాడు. కిటికీలోంచి చూస్తే సైకిళ్ళ మీద వాన పడుతోంది. మా వాడి నీలం సైకిల్ కింద నుంచి మూడోది.

మా షాపుకు టైపింగ్ కోసం వచ్చే వకీలు సార్ ఒకాయన ఉన్నారు. పెద్దాయన, ఓపికగా చెప్తారు. ఆయన చెప్పింది నాకు అర్థమైనంత రాస్తాను, ఇంకో తల్లికి పనికొస్తుంది. 1988 మోటారు వాహనాల చట్టంలో ఇంజను లేని సైకిల్ మోటారు వాహనమే కాదు. దానికి లైసెన్సు లేదు, ఆర్సీ లేదు, నంబరు ప్లేటు లేదు. ఆ చట్టం కింద చలాను రాయడానికీ లేదు. అట్లాగని ఏం చేసినా చెల్లుతుందని కాదు. పాత ఐపీసీ స్థానంలో 2024 జులై 1 నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహితలో 285వ సెక్షన్ ఉంది. రోడ్డు మీద అడ్డంకి, ప్రమాదం కలిగిస్తే 5,000 దాకా జరిమానా వేయొచ్చు. 281వ సెక్షన్ ప్రకారం మనుషుల ప్రాణం మీదికి తెచ్చేలా బండి నడిపితే ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. ఏదన్నా వస్తువు జప్తు చేయాలంటే, పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 106వ సెక్షన్ ఉంది, కానీ అలా తీసుకున్నది మేజిస్ట్రేటుకు తెలియజేయాలి. అంటే కాగితం ఉండాలి.

"కేసు పెడితే పెట్టినట్టు కాగితం ఉండాలె. పెట్టకపోతే సైకిల్ ఇచ్చెయ్యాలె. రెంటికీ మధ్యన 'ఈడనే ఉంటది' అనేది చట్టంలో లేదమ్మా" అన్నారు.

పిల్లల సంగతి కూడా అడిగాను. 18 నిండనివాళ్ళకు 2015 బాలల న్యాయ చట్టం వర్తిస్తుంది. వాళ్ళను లాకప్‌లో పెట్టకూడదు. ప్రతి స్టేషన్‌లోనూ ఏఎస్సైకి తగ్గని హోదాలో ఒకరు బాలల సంక్షేమ అధికారిగా ఉండాలి. ఆ అధికారి పిల్లలతో మాట్లాడేటప్పుడు మామూలు బట్టల్లో ఉండాలని 2016 నమూనా నియమాల్లో ఉంది. మూడేళ్ళ లోపు శిక్షపడే చిన్న నేరాలకు పిల్లల మీద ఎఫ్ఐఆర్ కూడా కట్టరు, జనరల్ డైరీలో రాసుకుంటారు. పెద్దవాళ్ళతో కలిసి చేస్తే మాత్రం వేరు. ఆ తొమ్మిది మందిలో ఒకడికి 18 నిండాయి, అందుకే వకీలు సార్ ఆ ముక్క రెండుసార్లు చెప్పారు.

ఆ రాత్రి మా వాడు ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు. 2021 ఏప్రిల్‌లో అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని పెర్త్ అంబాయ్ అనే ఊరిది. ఇట్లాగే గుంపుగా పోతున్న పిల్లల్ని పోలీసులు ఆపారు. ఆ ఊళ్ళో సైకిల్‌కు రిజిస్ట్రేషన్ ఉండాలని నిబంధన ఉందట. అది లేదని సైకిళ్ళు తీసుకున్నారు, ఒక అబ్బాయికి బేడీలు వేశారు. "చూడమ్మా, అక్కడా ఇంతే" అన్నాడు. వాడి మొహంలో ఊరట చూసి నాకు భయమేసింది. ఎక్కడైనా మనల్ని పట్టుకుంటారు, కాబట్టి మన తప్పేమీ లేదు అనుకునే వయసు అది. "అక్కడ ఆటో ఎదురొచ్చిందా?" అని అడిగాను. ఫోన్ పక్కన పెట్టేశాడు.

మర్నాటి నుంచి నేను ఇళ్ళు తిరగడం మొదలుపెట్టాను. ఒక్క మా వాడి సైకిల్ కోసం తిరిగితే ఒక్క తల్లి గొడవలాగే ఉంటుంది. 14 సైకిళ్ళకూ కలిపి ఒక దరఖాస్తు పెట్టాలనుకున్నాను. మా వాడిని వెంటబెట్టుకొని బాగ్‌లింగంపల్లి, జెమిని కాలనీ, పార్శీగుట్ట తిరిగాను. సగం మంది తల్లిదండ్రులకు సైకిల్ పోయిందనే తెలియదు. "ఫ్రెండ్ ఇంట్లో ఉంది" అని చెప్పారట. ఒక తండ్రి, ఆటో నడుపుతాడు, "పోతే పోనీ అక్కా, మళ్ళీ స్టేషన్ గడప తొక్కను" అన్నాడు. ఆయనకు సైకిల్ కన్నా పేరు రాసుకున్నారన్న టెన్షన్ ఎక్కువ. రేపు పాస్‌పోర్టుకు, ఉద్యోగానికి వెరిఫికేషన్‌లో వస్తుందేమోనని. ఎఫ్ఐఆర్ లేదు అన్నా ఆయన నమ్మలేదు. నమ్మించడానికి నా చేతిలో కాగితం ఏముంది?

ఒక్కో సైకిల్ గురించి రాసుకున్నాను. కంపెనీ, రంగు, గుర్తు. ఎర్రది, సీటు చిరిగింది. నల్లది, వెనక చక్రంలో మూడు పుల్లలు లేవు. ఆకుపచ్చది, హ్యాండిల్‌కు అక్క కట్టిన రాఖీ ఉంది. బ్రేకుల సంగతి అడిగేసరికి పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. 14 సైకిళ్ళలో ఆరింటికి ముందు బ్రేకు లేదు. పోయింది కాదు, వీళ్ళే తీసేశారు. హ్యాండిల్ గిర్రున తిప్పేటప్పుడు తీగ అడ్డమొస్తుందని. రెండింటికి అసలు ఏ బ్రేకూ లేదు, చెప్పు వెనక చక్రానికి ఆనించి ఆపుతారట.

ఆ వాలు మీద చెప్పుతో ఆపడం! అక్కడే, పార్శీగుట్ట సందులో నిలబడి వాళ్ళందరినీ అరిచాను. మా వాడిని కొట్టినంత పని చేశాను. ఆ రోజు పోలీసులు ఆపకపోతే ఏమయ్యేదో తల్చుకుంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు. ఆపడం తప్పని నేను ఎవరితోనూ అనలేదు, అనను.

దరఖాస్తు ఒకటే పేజీ రాశాను. పెద్ద మాటలు రాస్తే చదవరని నా అనుభవం. ఫలానా ఆదివారం మా పిల్లల 14 సైకిళ్ళు స్టేషన్‌కు తెచ్చారు, వివరాల పట్టిక జతచేశాం. వీటి మీద కేసు ఉంటే నంబరు ఇవ్వగలరు, లేకుంటే సైకిళ్ళు ఇప్పించగలరు. పిల్లలు చేసింది తప్పేనని మేము ఒప్పుకుంటున్నాం, బ్రేకులు వేయించే రోడ్డెక్కిస్తాం. హామీ పత్రంలో 'గుంపుగా' అన్న మాట తీసి 'రోడ్డు నియమాలు తప్పి' అని మార్చగలరు. కింద పదకొండు సంతకాలు, ఒక వేలిముద్ర.

రెండు కాపీలు తీసుకుపోయాను. రైటర్ ఒకటి తీసుకొని పెట్టుకుంటానన్నాడు. "రెండోదాని మీద ముట్టినట్టు స్టాంపు వేయన్నా" అన్నాను. సార్ వచ్చాక అన్నాడు. నేను అక్కడే బెంచీ మీద కూర్చున్నాను. గంటన్నర కూర్చున్నాను. చివరికి స్టాంపు వేసి, తేదీ వేసి, ఇన్‌వర్డ్ నంబరు రాసి ఇచ్చాడు. మొత్తం ఈ వ్యవహారంలో నా చేతికి వచ్చిన మొదటి కాగితం అదే. ఆ సాయంత్రం జిరాక్స్ తీసి అన్ని ఇళ్ళకూ ఒక్కొక్కటి పంపించాను. ఆటో నడిపే ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడని మా వాడు చెప్పాడు.

నిమజ్జనం రోజు షాపు మూసి మామయ్యను తీసుకొని ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దాకా నడిచాను. ప్రతి ఏడూ చూసేదే. ఈసారి మాత్రం నా కళ్ళు విగ్రహాల మీద లేవు, పోలీసుల మీద ఉన్నాయి. ఏ బండి ఎప్పుడు కదలాలి, ఏది ఏ సందులో ఆగాలి, పిల్లలు చక్రాల కింద పడకుండా రోప్ పార్టీ ఎట్లా అటూ ఇటూ తాడు పట్టుకొని నడవాలి, అన్నీ లెక్క ప్రకారం. బాలాపూర్ నుంచి హుస్సేన్ సాగర్ దాకా లక్షల మందిని దారి చూపించి, టైం చెప్పి, మంచినీళ్ళిచ్చి నడిపిస్తారు. పక్క నుంచి పోతున్న ఒక కానిస్టేబుల్ కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఎప్పుడు నిద్రపోయాడో ఏమో. గుంపును నడపడం ఈ ఊరి పోలీసులకు వచ్చినంత బాగా ఇంకెవరికీ రాదు. 23 మంది పిల్లలకు ఒక దారి, ఒక టైం చెప్పడం వీళ్ళకు ఎంత పని?

నిమజ్జనం అయిన మూడో రోజు ఎస్సై గారే ఫోన్ చేశారు. "ఆ దరఖాస్తు పెట్టిన మేడమేనా? రండి."

అయితే బిల్లు ప్రశ్న అలాగే ఉంది. ఎవరి సైకిల్ ఎవరికిస్తున్నామో తేలాలి, రేపు ఇంకొకరు వచ్చి నాది అంటే ఏం చేయాలి అన్నారు. అందులో న్యాయం ఉంది. ఇక్కడ మామయ్య ఆదుకున్నాడు. ఆయన సైకిల్ ఒకసారి సినిమా హాలు స్టాండులో పోయిందట. అప్పటి నుంచి ఇంట్లోకి ఏ సైకిల్ వచ్చినా దాని అడుగున ఉన్న నంబరు తన డైరీలో రాసుకునేవాడు. నాకు ఇన్నేళ్ళుగా తెలియదు. పెడల్ ఇరుసు తిరిగే గొట్టం కింద ఫ్రేము నంబరు చెక్కి ఉంటుంది. సైకిల్‌ను బోర్లా తిప్పితేనే కనబడుతుంది.

ఆవరణలోకి పోయి మా నీలం సైకిల్‌ను లాగి బోర్లా పెట్టారు. పదిహేను రోజుల వానకు చైను ఎర్రబడింది. గొట్టం కింద మడ్డి, బురద కలిసి గట్టిపడ్డాయి. మామయ్య కింద గొంతుకూర్చొని జేబు రుమాలుతో తుడిచాడు. ఏమీ కనబడలేదు. కానిస్టేబుల్ ఒకతను చాక్‌పీస్ ముక్క తెచ్చాడు. దాన్ని ఇనుము మీద అడ్డంగా రుద్ది, అరచేత్తో మెల్లగా తుడిస్తే, గీతల్లో తెలుపు మిగిలి అంకెలు ఒక్కొక్కటే పైకి తేలాయి. కానిస్టేబుల్ వంగి చదువుతున్నాడు, మామయ్య కళ్ళద్దాలు పైకి జరిపి డైరీలో వేలు పెట్టి "ఆఁ... ఆఁ..." అంటున్నాడు. చివరి అంకె సగం అరిగిపోయింది. మూడా, ఎనిమిదా? ఇద్దరూ తలలు దగ్గర పెట్టి చూశారు. "ఎనిమిదే పెద్దయ్యా, కింద గుండ్రం ఉంది" అన్నాడు కానిస్టేబుల్. డైరీలో ఎనిమిదే ఉంది.

మిగతా సైకిళ్ళకు డైరీ లేదు కదా. మా పట్టికలోని గుర్తులు, పిల్లల ఫోన్లలోని పాత ఫోటోలు సరిచూసి ఇచ్చారు. రాఖీ ఉన్నదాన్ని ఇచ్చేటప్పుడు ఎస్సై గారు ఏమీ అడగలేదు. ప్రతి సైకిల్ ఫ్రేము నంబరూ ఇట్లాగే చాక్‌పీస్‌తో తీసి మా పట్టికలో రాశారు. ఆ పట్టిక ఇప్పుడు స్టేషన్‌లో ఒకటి, నా దగ్గర ఒకటి ఉంది. మీ ఇంట్లో సైకిల్ ఉంటే ఈ రోజే బోర్లా పెట్టి ఆ నంబరు ఫోటో తీసుకోండి.

హామీ పత్రం గురించి అడిగాను. పాతది ఉంటే ఏమైందమ్మా అన్నారు. "సార్, నెక్లెస్ రోడ్డు మీద ఆదివారం పొద్దున నలభై మంది పెద్దవాళ్ళు సైకిళ్ళ మీద పోతారు. వాళ్ళ దగ్గర ఇట్లాంటి కాగితం లేదు కదా" అన్నాను. ఆయన కోపపడలేదు. వాళ్ళు హెల్మెట్లు పెట్టుకొని, లైట్లు పెట్టుకొని, లైనులో పోతారు అన్నారు. నిజమే. ఆ సైకిళ్ళ ఖరీదుతో మా వీధిలో స్కూటరు వస్తుంది, వాళ్ళకు క్లబ్బుంది, నేర్పేవాళ్ళున్నారు. ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ కట్టారు, చాలా బాగుందని విన్నాను. మా రామ్‌నగర్ నుంచి ఆ నానక్‌రామ్‌గూడకు చేరాలంటేనే ముందు ఇరవై కిలోమీటర్లు బస్సుల మధ్య తొక్కాలి. మా పిల్లలకు ఉన్నది ఈ రోడ్డే.

"మా వాళ్ళకు లైనులో పొమ్మని ఎవరూ చెప్పలేదు సార్. మీరు చెప్పండి. మీరు చెప్తే వింటారు" అన్నాను.

ఆయన కాసేపు పెన్ను మూత పెట్టి తీసి పెట్టి తీసి, కొత్త కాగితం తెమ్మన్నారు. నేనే రాశాను. ఆయన చెప్పినవి కూడా చేర్చాను. రెండు బ్రేకులు, బెల్లు, వెనక ఎర్ర రిఫ్లెక్టరు. ఇద్దరికి మించి పక్కపక్కన పోకూడదు. బ్రిడ్జి ఎక్కకూడదు. పొద్దున ఐదున్నర కంటే ముందు బయల్దేరకూడదు. బయల్దేరేటప్పుడు ఎంతమందో, బండి మీద గస్తీ తిరిగే బ్లూ కోల్ట్స్ కానిస్టేబుల్‌కు మెసేజ్ పెట్టాలి. మెసేజ్ పెట్టే పూచీ నాది. గుంపుగా అన్న మాట ఎక్కడా లేదు. పాత కాగితాలు తొమ్మిదీ నా ముందే కొట్టేసి సంతకం చేశారు.

ఆ రోజు 13 సైకిళ్ళు బయటికొచ్చాయి. ఒకటి మిగిలింది. వరండాలో అందరికన్నా చిన్నగా కూర్చున్న ఆ 13 ఏళ్ళ పిల్లాడిది. వాళ్ళ అమ్మ దోమలగూడలో రెండు అపార్ట్‌మెంట్లలో గిన్నెలు తోముతుంది. మా దరఖాస్తు మీద వేలిముద్ర ఆవిడదే. స్టేషన్‌కు మాత్రం వస్తానని రెండుసార్లు చెప్పి రాలేదు. మర్నాడు ఆవిడ పని ముగించుకునే టైముకు గేటు దగ్గరికి పోయి నిలబడ్డాను. "నువ్వు లోపలిదాకా వస్తవా అక్కా?" అంది. వస్తానన్నాను. తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ నాతో నడిచింది.

అది చిన్న సైకిల్. ఎవరో వాడి ఇచ్చినది. రెండు చక్రాల్లోనూ గాలి లేదు. రెండు బ్రేకులూ లేనివాటిలో అదొకటి. పిల్లాడు దాన్ని నెట్టుకుంటూ మా షాపు దాకా వచ్చాడు. మామయ్య అప్పటికే మెట్ల మీద పంపు, రెంచీ, రెండు బ్రేకు కట్టలు పెట్టుకొని కూర్చున్నాడు. "బోర్లా వెట్టు," అన్నాడు వాడితో. "ముందు నంబరు రాస్కుందం."

డైరీ తెరిచి, కొత్త పేజీ పైన వాడి పేరు రాశాడు.